విదేశీ ప్యాటర్న్ పత్రికకు చందా: ఎవరికి లాభం, ఎవరికి దండగ

కుట్టు మీద మనసున్నవాళ్ళకు ఎప్పుడో ఒకప్పుడు బుర్డా స్టైల్ లాంటి పత్రిక కంటబడక మానదు. నిగనిగలాడే కాగితం మీద పదుల కొద్దీ డ్రెస్సులు, మధ్యలో మడతపెట్టి ఇచ్చిన పెద్దపెద్ద ప్యాటర్న్ షీట్లు. ఇన్ని కటింగులు ఒక్క సంచికలో, అలాంటి సంచిక నెలకొకటి! ఏడాది చందాని మొత్తం డిజైన్ల సంఖ్యతో భాగిస్తే ఒక్కో కటింగు టీ ఖర్చులో వచ్చేస్తున్నట్టు ఉంటుంది. చాలామంది ఈ లెక్క చూసే చందా కడతారు. ఏడాది తిరిగేసరికి అటక మీద పన్నెండు సంచికలు పేరుకుంటాయి, ఒంటి మీదకు ఒక గౌను మాత్రం వస్తుంది.

భాగించాల్సింది పత్రిక ఇచ్చిన డిజైన్లతో కాదు, మనం కత్తిరించి, కుట్టి, తొడుక్కున్నవాటితో. అలా చూస్తే కొందరికి ఈ చందా దండగమారి ఖర్చు, కొందరికి మాత్రం కుట్టులో పెట్టగలిగిన అన్ని పెట్టుబడుల్లోకీ మంచిది. ఎవరు ఏ కోవలోకి వస్తారో తేల్చాలంటే ఈ పత్రికలు ఎవరి అవసరం కోసం పుట్టాయో, వాటిలో ఏముంటుందో, మన కొలతలకూ మన గుడ్డకూ ఎంతవరకు ఒదుగుతాయో వరసగా చూడాలి.

ఎవరి కోసం పుట్టాయి

సైజుల వారీగా కాగితం ప్యాటర్న్లు అమ్మడాన్ని పెద్ద వ్యాపారం చేసింది అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, స్టెర్లింగ్ ఊళ్ళో దర్జీగా బతికిన ఎబెనేజర్ బటరిక్. అది 1863 నాటి మాట. రెండేళ్ళకు, 1865లో, బెర్లిన్ నుంచి డీ మోడెన్‌వెల్ట్ అనే పత్రిక వచ్చింది. ఒకే షీటు మీద ఒకదాని మీద ఒకటిగా గీతలు గీసి ఎన్నో కటింగులను ఇరికించే పద్ధతి అలాంటి జర్మన్ పత్రికల్లో స్థిరపడింది. ఇవాళ్టి బుర్డా షీటుది ఆ వంశమే.

బుర్డా కథ మాత్రం యుద్ధం తర్వాతది. జర్మనీలోని ఓఫెన్‌బుర్గ్‌లో అచ్చుయంత్రాల యజమాని ఫ్రాంజ్ బుర్డా. ఆయన ఒక ఫ్యాషన్ పత్రికా సంస్థ పెట్టించి, తనకు సంబంధం ఉన్న స్త్రీ చేతికి అప్పగించాడు. సంగతి తెలిసిన భార్య ఆనె ఆ సంస్థను తన చేతుల్లోకి తీసుకుంది. అప్పటికి ఆమెకు నలభై ఏళ్ళు. 1950 జనవరిలో బుర్డా మోడెన్ మొదటి సంచిక లక్ష ప్రతులతో వెలువడింది. 1952 నుంచి పత్రికతో పాటే ప్యాటర్న్ షీటు ఇవ్వడం మొదలైంది. యుద్ధం మిగిల్చిన లేమిలో మంచి బట్టలు కొనే స్తోమత జర్మన్ ఆడవాళ్ళలో చాలామందికి లేదు, కుట్టుకునే ఓపిక ఉంది. ఆమె వాళ్ళకు కటింగు అందించింది. 1987లో ఇదే పత్రిక రష్యన్ భాషలో సోవియట్ యూనియన్‌లో అడుగుపెట్టినప్పుడూ అక్కడ ఉన్నది అలాంటి కరువే. దుకాణంలో నచ్చిన డ్రెస్సు దొరకదు, ఇంట్లో మిషను ఉంది.

మన దగ్గర పరిస్థితి దీనికి పూర్తిగా తిరగబడి ఉంది. వీధికొక టైలరు ఉన్నాడు. గుడ్డ, ఆది జాకెట్టు ఇచ్చి వస్తే వారంలో బ్లౌజు చేతికొస్తుంది. కుట్టే చేతికి కొరత లేదు కనక కాగితం ప్యాటర్న్ ఇళ్ళల్లోకి రావాల్సిన అవసరమే పడలేదు. కొరత ఉన్నది వేరేచోట. కాలరు సరిగ్గా కూర్చునే ఆడవాళ్ళ షర్టు, కూర్చున్నప్పుడు వెనక నడుము జారిపోని ప్యాంటు, అడ్డంగా చుట్టి కట్టే ర్యాప్ డ్రెస్సు, లైనింగుతో కోటు, ఇలాంటివి అడిగితే చాలామంది టైలర్లు తెలిసిన చుడీదార్ కటింగునే అటూ ఇటూ మార్చి ఇస్తారు. విదేశీ పత్రిక మనకు కుట్టుకూలీ మిగిల్చేది కాదు, మన వీధిలో దొరకని కటింగు ఇచ్చేది. కాబట్టి తేల్చుకోవాల్సిన మొదటి ప్రశ్న ఇదే: మీరు కుట్టాలనుకున్నవి వీధి టైలరు కుట్టలేనివేనా?

ఏ పత్రికలో ఏముంటుంది

బుర్డా స్టైల్ ప్రధానంగా ఆడవాళ్ళ బట్టల పత్రిక. యూరోపియన్ 34 నుంచి 44 దాకా మామూలు సైజులు, ఆపైన పెద్ద సైజులకు విడిగా కొన్ని డిజైన్లు. ఇంగ్లీషులోనూ వస్తుంది. కటింగులకు ఎంత మంచి పేరుందో కుట్టు సూచనలకు అంత చెడ్డపేరు. నాలుగు వాక్యాల్లో జిప్పు, కాలరు, లైనింగు అన్నీ చెప్పేస్తారు. బొమ్మలతో అడుగడుగునా చూపించే పాఠం సంచికలో ఒక్క డిజైనుకే ఉంటుంది. కుట్టు నేర్చుకుంటున్నవాళ్ళకు ఇది గురువు కాలేదు, నేర్చినవాళ్ళకు మాత్రం మంచి సరుకు.

ఫిన్లండ్ నుంచి వచ్చే ఒట్టోబ్రె డిజైన్ పద్ధతి వేరు. ఏడాదికి ఆరు సంచికలు, నాలుగు పిల్లల బట్టలకు, రెండు ఆడవాళ్ళకు. పిల్లల సైజులను వయసుతో కాకుండా సెంటీమీటర్లలో ఎత్తుతో చెబుతారు. చంటిబిడ్డల నుంచి 170 దాకా ఎదిగిన పిల్లల వరకు ఉంటాయి. ఆరేళ్ళ పిల్ల ఫిన్లండ్‌లో ఎంతుంటుందో ఒంగోల్లో ఎంతుంటుందో అన్న గొడవే లేదు. గోడకు నిలబెట్టి కొలిస్తే సైజు తెలిసిపోతుంది, ఛాతీ కొలత ఒకసారి సరిచూసుకుంటే చాలు. మన దేశంలో ఉండి ఒక్క విదేశీ పత్రికే తెప్పించుకోవాలంటే, ఇంట్లో ఎదిగే పిల్లలుంటే, దీనికే మొదటి ఓటు. ఒక్క చిక్కు ఏమిటంటే ఇందులో చాలా డిజైన్లు సాగే నిట్ గుడ్డకు గీసినవి. ఓవర్‌లాక్ మిషనో, కనీసం జిగ్‌జాగ్ కుట్టు, నిట్ గుడ్డ సూదో ఉండాలి. నేత కాటన్‌తో అదే కటింగు కుడితే తల దూరదు.

నెదర్లాండ్స్ క్నిప్‌మోడ్, స్పెయిన్ పాత్రోనెస్ లాంటివి వాటి సొంత భాషల్లో వస్తాయి. గీత చూసి కుట్టు క్రమం ఊహించగల చేయి తిరిగినవాళ్ళకు భాష అడ్డు కాదు, మిగతావాళ్ళకు అడ్డే. బ్రిటిష్ కుట్టు పత్రికల్లో కొన్ని, షీటు బదులు, పొట్లంలో ఒకటో రెండో పూర్తి ప్యాటర్న్లు పెట్టి సంచికకు జతచేస్తాయి. డిజైన్లు తక్కువ, సూచనలు విపులం.

జపాన్‌ది మరో దారి. టోక్యోలోని బుంకా ఫ్యాషన్ కళాశాల ప్రచురణల్లో తరచూ షీటుకు బదులు కొలతల సూత్రాలతో చిన్న బొమ్మ ఇస్తారు. ముందు మీ కొలతలతో మూల కటింగు గీసుకోవాలి, దాని మీద బొమ్మలో చెప్పినట్టు మార్పులు చేయాలి. ఆ మూల కటింగు వెడల్పు ఛాతీలో సగానికి ఆరు సెంటీమీటర్లు కలిపినంత. ఛాతీని నాలుగుతో భాగించి లూజు కలిపే మన టైలర్లకు, జారాప్కర్ కటింగు పుస్తకం చదివినవాళ్ళకు ఈ పద్ధతి పరాయిది కాదు. ఐటీఐలో స్యూయింగ్ టెక్నాలజీ చదివినవాళ్ళు భాష రాకపోయినా అంకెలు చూసి అల్లుకుపోగలరు.

షీటు పరిచాక

దుకాణంలో పత్రిక తిరగేస్తే తెలియని కష్టం ఒకటుంది. బుర్డా షీటును మంచం మీద పరిచి చూడండి. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, నలుపు గీతలు చిక్కుపడ్డ దారపు ఉండలా ఉంటాయి. రెండు వైపులా అచ్చు, ఒక్కో వైపు ఎన్నో డ్రెస్సుల ముక్కలు. మీ డ్రెస్సుకు ఏ షీటు, ఏ రంగు, ఏ అంకెల ముక్కలు అన్నది సూచనల పేజీలో ఉంటుంది. షీటు అంచున ఆ రంగులో ఆ అంకె వెతికి, అక్కడి నుంచి తిన్నగా లోపలికి వేలు జరిపితే ముక్క దొరుకుతుంది. సైజును బట్టి గీత తీరు మారుతుంది. ఒకదానికి చుక్కలు, ఒకదానికి చిన్న గీతలు, ఒకదానికి చుక్కా గీతా కలిపి. చంక దగ్గర ఆరు సైజుల గీతలు వెంట్రుకవాసి దూరంలో పోతుంటే కన్ను ఒకదాని మీంచి మరోదాని మీదకు జారుతుంది. అందుకే ముందు మీ సైజు గీత మీద స్కెచ్ పెన్నుతో దిద్దుకుని, తర్వాత పైన ట్రేసింగ్ పేపరు వేయాలి. మగ్గం వర్కు డిజైన్లు దించుకునే పేపరే దీనికీ పనికొస్తుంది.

దించుకున్నంత మాత్రాన కత్తెర పట్టకూడదు. బుర్డాలోనూ ఒట్టోబ్రెలోనూ కుట్టు కోసం వదలాల్సిన గుడ్డ గీతలో కలిసి ఉండదు, మనమే చుట్టూ కలుపుకోవాలి. బుర్డా చెప్పేది మామూలుగా ఒకటిన్నర సెంటీమీటరు. మన టైలరు పక్క కుట్లలో అంగుళమో అంగుళంన్నరో వదిలి, రేపు ఒళ్ళు వస్తే విప్పుకోవచ్చు అంటాడు. ఆ అలవాటు ఇక్కడా వదులుకోకండి. పక్క కుట్లలో, వెనక నడిమి కుట్టులో అంగుళం వదిలితే మొదటి ప్రయత్నంలో బిగుతైన డ్రెస్సు కూడా చేజారిపోదు.

ఇదంతా ఒక సాయంత్రం తినే పని. ఈ పని ఇష్టపడేవాళ్ళు ఉన్నారు, దీని దగ్గరే చేతులెత్తేసేవాళ్ళూ ఉన్నారు. చందా విషయంలో రుచి కన్నా, బడ్జెట్టు కన్నా ముందు తేల్చుకోవాల్సింది మీరు ఏ రకమో.

సైజు తిరకాసు

మన టైలరు భాషలో 36 సైజు అంటే ఛాతీ 36 అంగుళాలు, దాదాపు 91 సెంటీమీటర్లు. బుర్డా 36 అంటే ఛాతీ 84 సెంటీమీటర్లు, 33 అంగుళాలు. అంకె ఒకటే కదా అని కత్తిరిస్తే మూడంగుళాలు బిగుతు. బుర్డాలో 34కు ఛాతీ 80, ఆ తర్వాత సైజు మారినప్పుడల్లా నాలుగు సెంటీమీటర్లు పెరుగుతూ 44కు 100 అవుతుంది. 36 అంగుళాల ఛాతీ ఉన్నవాళ్ళకు దగ్గరి సైజు 40. గౌన్లు, టాపులకు ఛాతీ కొలతతో, ప్యాంట్లకు తుంటి కొలతతో సైజు ఎంచుకోవాలి. నడుము కొలతతో కాదు.

ఇంతకన్నా పెద్ద తేడా ఎత్తుది. బుర్డా మామూలు సైజులు 168 సెంటీమీటర్ల మనిషికి గీస్తారు. మన దేశంలో ఆడవాళ్ళ సగటు ఎత్తు 152 దరిదాపుల్లో ఉంటుంది. ఆ పదహారు సెంటీమీటర్ల తేడాను కింద మడిచేసి సరిపెట్టలేం. నడుము గీత తుంటి మీదకు జారుతుంది, డాట్లు ఉండాల్సిన చోటుకు కిందుగా వస్తాయి, జేబులోకి చేయి పెట్టాలంటే వంగాలి. కాగితాన్ని చంకకూ ఛాతీకీ మధ్య కొంత, ఛాతీకీ నడుముకూ మధ్య కొంత, నడుముకూ తుంటికీ మధ్య కొంత, మోకాలి దగ్గర మిగతాది అడ్డంగా మడిచి కురచ చేయాలి. బుర్డాలోనే 160 సెంటీమీటర్ల వాళ్ళకోసం 17 నుంచి 22 దాకా ప్రత్యేక సైజులున్నాయి. వాటి ఛాతీ కొలతలు 34 నుంచి 44 వాటికి సమానమే, ఎత్తే తక్కువ. కానీ సంచికలో ఆ సైజుల డిజైన్లు కొన్నే.

మన ఒంటికి మన కొలతల పట్టిక ఉంటే ఈ తంటా కొంత తగ్గేది. ఇరవై అయిదు వేలమందిని త్రీడీ స్కానర్లతో కొలిచి భారతీయ సైజులు నిర్ణయించే పనిని ఫ్యాషన్ విద్యాసంస్థ నిఫ్ట్ చేపట్టింది, ఎంచుకున్న నగరాల్లో హైదరాబాదూ ఉంది. ఆ కొలతలు వాడకంలోకి వచ్చినా విదేశీ పత్రిక షీటు మారదు కదా. సరిచేసుకోవాల్సింది మనమే.

చందాకు అనుకూలంగా చెప్పగల గట్టి మాట సరిగ్గా ఇక్కడే ఉంది. సాధారణంగా ఏ పత్రిక అయినా తన డిజైన్లలో చాలావాటిని ఒకే మూల కటింగు నుంచి తీస్తుంది. భుజం వాలు, చంక లోతు, వీపు పొడవు సంచికకూ సంచికకూ మారిపోవు. మొదటి గౌనుకు మీరు ఎక్కడెక్కడ ఎంతెంత మడిచారో, ముందు భాగంలో ఎంత కలిపారో ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటే తర్వాతి డ్రెస్సుకూ దాదాపు అవే అంకెలు. టైలరు దగ్గర మీ ఆది జాకెట్టు ఎలాంటిదో మీ దగ్గర ఆ కాగితం అలాంటిది. ఒక్క పత్రికను పట్టుకుని మూడు డ్రెస్సులు కుట్టినవాళ్ళకు నాలుగోది సగం శ్రమతో వస్తుంది. ఈ నెల బుర్డా, వచ్చే నెల క్నిప్‌మోడ్, ఆపైన ఇంకోటి అంటూ తిరిగేవాళ్ళు ప్రతిసారీ మొదటి డ్రెస్సే కుడుతుంటారు. చందా వల్ల వచ్చే లాభం కొత్త కొత్త డిజైన్లలో లేదు, పాత మూల కటింగుతో పెరిగే చనువులో ఉంది.

గుడ్డ, పన్నా, ఎండ

సూచనల్లో గుడ్డ లెక్క ఎక్కువగా 140 సెంటీమీటర్ల పన్నాకు ఇస్తారు. మన దుకాణాల్లో కాటన్ చాలావరకు 44 అంగుళాల పన్నా, అంటే సుమారు 112 సెంటీమీటర్లు. మీటరున్నర అని రాసినచోట మనకు రెండు మీటర్లు దాటొచ్చు. ముక్కలను నేల మీద ఆ వెడల్పులో పరిచి చూసుకున్నాకే గుడ్డ కొనాలి. పక్షపాతం లేకుండా చెప్పాలంటే మంగళగిరి, పోచంపల్లి చేనేతలతో ఈ కటింగులు చక్కగా కుదురుతాయి. పదునైన గీతలున్న షర్టు డ్రెస్సుకు మంగళగిరి కాటన్ బిగువు చాలా నప్పుతుంది. ఇకత్‌తో కుట్టేటప్పుడు మాత్రం ముక్కలు తక్కువున్న డిజైను ఎంచుకోండి, లేకుంటే నేతలోని బొమ్మ ముక్కలైపోతుంది.

ఇక ఋతువు. శరత్తు, చలికాలం నెలల్లో యూరప్ పత్రికల్లో ఉన్ని కోట్లు, లైనింగు జాకెట్లు, మందపాటి స్వెటర్లు ఎక్కువ. విజయవాడలోనో కరీంనగర్‌లోనో ఉన్నవాళ్ళకు ఏడాదిలో సగం సంచికలు చూడ్డానికే. డల్లస్, న్యూజెర్సీ, లండన్‌లో ఉన్న తెలుగువాళ్ళకు ఈ అభ్యంతరం వర్తించదు. వాళ్ళకు తపాలా ఖర్చూ తక్కువే, అక్కడ కుట్టుకూలీ మాత్రం చుక్కలంటుతుంది. అయితే చీర మీదకు జాకెట్టు కటింగు ఈ పత్రికల్లో దొరుకుతుందని వాళ్ళు కూడా ఆశ పెట్టుకోనక్కర్లేదు.

డబ్బు లెక్క

ముఖవెల ఒక్కటే చూస్తే మోసపోతాం. దాని మీద విదేశీ తపాలా, రూపాయి మారకం రేటు, కార్డు వాళ్ళు వేసే విదేశీ లావాదేవీ రుసుము కలుస్తాయి. ఆ రుసుము చాలా కార్డులకు 2 నుంచి 3.5 శాతం, దాని మీద మళ్ళీ జీఎస్టీ. ఒక సంచిక అన్నీ కలిపి 1,500 రూపాయలకు చేతికొచ్చిందనుకోండి. పన్నెండు సంచికలకు 18,000. ఏడాదిలో నాలుగు డ్రెస్సులు కుడితే ఒక్కో కటింగు 4,500 పడింది, పది కుడితే 1,800. బుర్డా తన డిజైన్లను విడివిడిగా పీడీఎఫ్‌లుగా కూడా అమ్ముతుంది. ఆ ధరను ఈ అంకె పక్కన పెట్టి చూస్తే నిర్ణయం సగం తేలిపోతుంది.

ఏటా తనంతట తానే డబ్బు లాగేసే చందాల విషయంలో రిజర్వు బ్యాంకు 2021 అక్టోబరు నుంచి అదనపు ధ్రువీకరణ నిబంధన అమల్లో పెట్టింది. మామూలు చందాల్లో 15,000 రూపాయలు దాటిన ప్రతి చెల్లింపుకూ మీ ఆమోదం కావాలి. ఈ ఏర్పాటులో చేరని విదేశీ సంస్థల చెల్లింపులు మధ్యలో ఆగిపోవడం కూడా మామూలే. ఏడాదికి ఒకసారి మీరే కట్టే పద్ధతి ఉంటే అదే మేలు. తపాలాలో సంచిక పోతే మళ్ళీ పంపుతారా, డిజిటల్ చందా అయితే పూర్తి సైజు ప్యాటర్న్లు అందులో ఉన్నాయా, లేక పేజీల బొమ్మలేనా అన్నది డబ్బు కట్టకముందే చూసుకోవాలి. బొటిక్ నడిపేవాళ్ళు ఇంకొకటి గమనించాలి. ఈ కటింగులు సాధారణంగా సొంత వాడకానికే, కుట్టి అమ్ముకోవడానికి అనుమతి ఉండదు.

చందా లేని దారులు

పీడీఎఫ్ ప్యాటర్న్ ఒక్కటి కొంటే ఏ4 కాగితాల మీద అచ్చేసి అతికించుకోవచ్చు. ఆ అతుకుల పని షీటు మీంచి దించుకోవడం కన్నా సులువేమీ కాదు. బిల్డింగు ప్లాన్లు ప్రింటు చేసే షాపులో ఏ0 కాగితం మీద తీయిస్తే అతుకులుండవు. ప్రింటు నూరు శాతం సైజులోనే రావాలి, మూలన ఉన్న పరీక్ష గడిని టేపుతో కొలిచి చూడండి. ఫ్రీసూయింగ్ అనే ఉచిత వేదికలో మన కొలతలే ఇచ్చి కటింగు గీయించుకోవచ్చు. డిజైన్లు తక్కువే అయినా 168 సెంటీమీటర్ల గొడవ ఉండదు. జాకెట్టు, చుడీదారు, అనార్కలి, లెహంగాలకైతే యూట్యూబులో తెలుగులో పేపర్ కటింగు చెప్పేవాళ్ళను మించిన పత్రిక ఏ దేశంలోనూ లేదు. ప్రిన్సెస్ కట్, కటోరి జాకెట్టు నేర్చుకోవడానికి జర్మనీ దాకా పోనక్కర్లేదు.

కట్టాలా, వద్దా

కుట్టేది ప్రధానంగా జాకెట్లు, చుడీదార్లు అయితే చందా వద్దు. కుట్టు ఇప్పుడే నేర్చుకుంటున్నా వద్దు. బుర్డా సూచనలు కొత్తవాళ్ళ ఉత్సాహాన్ని చంపేస్తాయి. పిల్లల బట్టలు కుట్టేవాళ్ళు ఒట్టోబ్రె వేసవి సంచిక ఒకటి కొని మొదలుపెట్టవచ్చు. ఆఫీసుకు షర్టులు, ప్యాంట్లు, గౌన్లు వేసుకుంటూ, రెడీమేడ్ ఏదీ ఒంటికి సరిపడక విసిగినవాళ్ళకు, కాగితం పని చిరాకు లేనివాళ్ళకు బుర్డా చందా గిట్టుబాటే.

ఆ చివరి కోవలో ఉన్నామనుకునేవాళ్ళు కూడా రెండు పనులు చేసి ఆ తర్వాత డబ్బు కట్టాలి. ఒకటి, గడిచిన ఏడాది సంచికల లైన్ డ్రాయింగులు ముందేసుకోండి. ఫొటోలు వద్దు, అవి మోడల్‌ను అమ్ముతాయి. మీరు నిజంగా వేసుకునేవాటికి టిక్కు పెట్టి, ఇప్పటికే మీ దగ్గర ఉన్న కటింగులాంటివి కొట్టేయండి. ఆరుకు తగ్గితే విడి సంచికలు చాలు. రెండు, ఒక విడి సంచిక కొని, చవక లాంగ్‌క్లాత్ మీద ఒక డ్రెస్సు చివరిదాకా కుట్టి, చేసిన మార్పుల అంకెలు రాసుకోండి. ఆ అంకెలతోనే అదే పత్రికలోంచి రెండో డ్రెస్సు మంచి గుడ్డ మీద కుట్టాలనిపిస్తే చందా కట్టండి. మొదటిదే ముక్కలుగా మూటలో ఉండిపోతే, ఆ డబ్బుతో మంచి గుడ్డ కొని మీ టైలరుకే ఇవ్వండి.